దిశ మరిచే దూరం

జుబైల్‌లో ఆగస్టు రాత్రి. గాలిని పిండితే నీళ్లు కారేలా ఉంది.
లోపల, ముప్ఫై డిగ్రీల నీటితొట్టిలో
సన్నగొట్టపు గాజుబుడ్డి.
దాంట్లో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం,
ఆమ్లంలో కరిగి, కనబడకుండా, దారం.

దారం అనకూడదు ఇంకా.
బెంజీన్ ఉంగరాలు వరసగా గుచ్చిన గొలుసులు.
కొలిమి ముందు నిలబడేవాళ్ల చేతితొడుగుల్లోకి పోవాల్సినవి.
మామూలు ద్రావకాలకు లొంగవు.
తేలిగ్గా వంగవు.
ఎంత తేలిగ్గా వంగవో చెప్పడానికే నాకు జీతం.

పై గీత దగ్గర గడియారం నొక్కుతాను,
కింది గీత దగ్గర ఆపుతాను.
మూడు వందల పన్నెండు సెకన్లు.
మళ్లీ పైకి పీల్చి, మళ్లీ వదిలి,
మూడు వందల పన్నెండున్నర.

మొన్నటి లెక్కలన్నీ డాక్టర్ ముదావీ కొట్టేసింది.
"మూత ఎంతసేపు తీసి ఉంచావు?"
రెండు నిమిషాలే మేడమ్.
రొడెల్ ఫోనులో వాళ్ల పాప తొలి అడుగులు చూపిస్తుంటే
తల తిప్పాను.
ఆ రెండు నిమిషాల్లో ఆమ్లం
సముద్రపు గాలిని గటగటా తాగేసింది.

సిరిసిల్లలో గంజి పట్టే బాలనర్సవ్వకు గడియారం లేదు.
ఆరిన పోగొకటి వేళ్ల మధ్య పట్టి
గాల్లోకి అడ్డంగా చాచేది.
గోరు దాటి ఎంత దూరం పోయి తల వాలుస్తుందో చూసి
"బెత్తెడే. ఇంకో చెంబు పొయ్యి" అనేది.
నేను చేసేదీ అదే.
నాకు పోగు కనబడదు, అంతే తేడా.

గొలుసు కొసన మొదటి ఉంగరం ఎటు చూస్తే
రెండోదీ అటే, మూడోదీ ఇంచుమించు అటే.
వేడికి ఆమ్లం అటొక తోపు, ఇటొక తోపు.
ఎక్కడో ఒక చోట
తాను ఎటు బయల్దేరిందో గొలుసుకు గుర్తుండదు.
అక్కడిదాకా ఎంత దూరమో, అది కావాలి మాకు.

గుంపులో ఉన్నప్పుడు కొలిస్తే లాభం లేదు.
ఒకదాన్నొకటి ఆనుకుంటాయి,
ఆ బిగువు ఎవరిదో తేలదు.
అందుకే పలచన చేస్తాను, ఇంకా పలచన,
అయిదు బుడ్లు, గ్రాఫు కాగితం మీద అయిదు చుక్కలు.
స్కేలు ఆనించి గీతను సున్నాదాకా లాగుతాను.
ఒక్క గొలుసే ఉంటే ఎట్లా ఉండేదో
అక్కడ రాసి ఉంటుంది.
అక్కడికెళ్లి కొలిచినవాడు లేడు.

మా క్యాంపు గదిలో ఎనిమిది మంచాలు.
ఈద్ సెలవులకు అయిదుగురు మిగిలారు,
షట్‌డౌన్ పని అయిపోయాక ముగ్గురం.
ఆ గీత నేను గీయలేదు.

తెల్లారగట్ల ఎల్లేశం ఫర్నేసు షిఫ్టు దిగొచ్చాడు,
పసుపు తొడుగులు చంకలో పెట్టుకుని.
ఎడమదాని బొటనవేలు మాడింది, చిల్లు పడలేదు.
"గిదేనా నువ్వు నానబెట్టేది?"
గిదే.
"ఎంతొచ్చింది మరి?"
ఇరవై తొమ్మిది నానోమీటర్లు.
"అంటే?"
వెంట్రుక మందాన్ని మూడువేల ముక్కలు చెయ్యి.
అండ్ల ఒక ముక్క.
గంత దూరం పోంగనే ఎటు మొదలైందో మరుస్తది.

నవ్వాడు, కుర్చీ కిర్రుమనేలా.
"నేనే నయం. దమ్మాంల దిగి
సూట్‌కేసు అచ్చేదాక యాదున్నది."

చెప్పాల్సింది ఇంకా ఉంది.
ఒక్కోదాని ఓపిక అంతే గానీ
ఆమ్లంలో బాగా చిక్కబడితే, ఎవరూ చెప్పకుండానే
అన్నీ ఒక వైపుకు తిరుగుతాయని,
అప్పుడే లాగి దారం తీస్తారని,
ఆ దారమే నీ బొటనవేలని.
చెప్పేలోపు అతను కళ్లు మూశాడు.

తొడుగు అంచున ఊడిన పోగొకటి.
తెంపలేదు. అంచు దగ్గర వేళ్లతో బిగించి
అడ్డంగా చాచాను.
ఏసీ గాలికి కాస్త వణికింది.
బెత్తెడు. బెత్తెడు దాటింది.
ఎల్లేశం ఒక కన్ను తెరిచి చెయ్యి చాపబోతే
ముట్టకు, అన్నాను, ఊపిరి బిగబట్టి.