మణికట్టు లోపలి వైపు

మే నెల గుంటూరు. శారదా కాలనీలో రెండో అంతస్తు.
ప్యాకెట్‌లోనే సగం అంటుకుపోయిన మైనపు గింజలు,
నేరేడుపండు తిన్న నాలుక రంగు.

గిన్నెలో నీళ్లు, నీళ్లలో ఇంకో గిన్నె.
"నేరుగా సెగ మీద పెట్టరాదూ, బిరాన కరుగుద్ది"
అంది అమ్మ గుమ్మంలోంచే.

పోయినేడు అట్లాగే పెట్టాను.
పైన గింజలు గింజల్లాగే ఉన్నాయి,
అడుగున నిప్పు.
ఎడమ పిక్క మీద రూపాయి బిళ్లంత మచ్చ
ఆ రోజుది.

అందుకే ఈసారి సిమ్‌లో.
ఐస్‌క్రీం పుల్లతో అడుగు నుంచి కలుపుతూ,
లోపల ఒక్క నీటిచుక్క పడకుండా,
చివరి గింజ తన ఆకారం మరిచేదాకా.

అమ్మ వస్తే ఇంట్లోకి ముందు తుమ్ము వస్తుంది,
తర్వాత అమ్మ.
పొద్దుటి నుంచీ కోల్డ్ స్టోరేజీ నీడలో
మిరపకాయలకు తొడిమలు తీసి, కిలోకింతని.
"నీక్కూడా తొడిమలు తీయాలా ఏందే?"
నవ్వుతూ వేలు ముంచింది:
"చల్లారిందిలే."

ఆ వేలికేం తెలుసు?
ఇరవై మూడు సీజన్ల ఘాటు తిన్న వేలు,
అన్నం గిన్నె గుడ్డ లేకుండా దించే వేలు.

"అక్కడ కాదమ్మా" అని చెయ్యి తిప్పాను.
మణికట్టు లోపల, గాజుల కింద,
ఎండా కారమూ దారి తెలియని చోటు,
రెండు నీలి నరాలు.
పుల్ల కొనతో ఒక్క బొట్టు.

"అబ్బ! కాలిందే!"

చాలాసేపు ఆ చోటే చూసుకుంది.
"నీ పాలసీసా ఇక్కడే చూసేదాన్ని,
యార్డులో చేరకముందు."

ఆగాం. తేనెలా సాగేదాకా ఆగాం.
ఈలోగా తను కొబ్బరినూనె రాసి, సబ్బుతో రుద్ది,
మళ్లీ రుద్ది,
కారం చేతులు కడుక్కొచ్చింది.
రెండో బొట్టుకి మణికట్టే తలూపింది.

వెంట్రుక వాలినవైపు పూశాను.
ఎదురు లాగడానికి నాకు ధైర్యం చాల్లేదు.
అమ్మ లాగింది.
తొడిమ తీసినట్టే, ఒక్క విసురు,
నొప్పికి ఊపిరి తీసుకునే వ్యవధి లేకుండా.
అంత కడిగినా కాస్త మండింది.
చెప్పలేదు.

అది మజ్జిగ గిన్నె.
ఇక దేనికీ పనికిరాదు.
తమ్ముడు అందులో ఉప్మా పెట్టుకోకుండా
అంచుకి ఎర్రదారం కట్టి
అటక మీద పెట్టింది,
యార్డులో పక్కకి తీసిన బస్తాకి కట్టినట్టు
రెండు ముళ్లు.