అయిదుకి రెండు

నరీన్ లోయలో బడి గంట కొట్టేశాక
పొయ్యిలో బొగ్గు ఇంకా ఎర్రగానే ఉంటుంది.
కాసేపు కూర్చుంటాను,
బల్ల మీద నలభై నోటు పుస్తకాలు, ఎర్ర సిరా.

ముప్ఫై ఒక్క ఏళ్లు భిన్నాలు చెప్పాను.
ఎవరికైనా ఎక్కాయా అంటే
ఇన్‌స్పెక్టర్ రాసిపోయిన మాటొకటుంది: సంతృప్తికరం.
చల్లారిన టీ లాంటి మాట.

నుర్జమాల్‌కి ఎప్పుడూ అయిదుకి అయిదే.
ఇప్పుడు బిష్కెక్‌లో బ్యాంకు ఉద్యోగం.
మొన్న బస్సులో ఎదురై
"మీరు చరిత్ర చెప్పేవారు కదూ" అంది.
అవునన్నాను. ఎందుకో.

ఇక తొల్కున్‌బెక్.
హారంలో సున్నా పెట్టి
కిటికీలోంచి గుర్రాల్ని చూసేవాడు.
మూడేళ్లు వరసగా రెండే వేశాను.
ఒకసారి అందరి ముందూ
"నీ బుర్రలో మంచు కురుస్తోందట్రా" అన్నాను.
వాడూ నవ్వాడు.
ఆ నవ్వు నాకిప్పటికీ అరగలేదు.

శనివారం వాడి చెల్లెలి పెళ్లిలో
గొర్రెను వాటాలు వేసింది వాడే.
పన్నెండు ఎముకలు, ముప్ఫై ఎనిమిది మంది.
తాతలకి, కొత్త కోడలికి,
ఆలస్యంగా వచ్చిన లారీ డ్రైవర్‌కి.
కత్తి ఎక్కడా తడబడలేదు,
ఎవరి పళ్లెమూ చిన్నబోలేదు.
పెద్దావిడకిచ్చే ముక్క నా ముందు పెట్టి
"తినండి, ఎజే" అన్నాడు.

ఈ లెక్క ఎవరు నేర్పార్రా అని అడగబోయి
ముక్క నోట్లో పెట్టుకున్నాను.
తాత పేరు చెబుతాడేమోనని.
నా పేరు చెబుతాడేమోనని కూడా.

సోమవారం మళ్లీ నలభై పుస్తకాలు.
ఎర్ర పెన్ను మూత తియ్యడానికి
ఈ చలికి వేళ్లు మొండికేస్తున్నాయి.