ఆకలితో పంపిన రోజు

సిరోంచ దాటాక, ప్రాణహిత ఒడ్డున
ఆదివారం బడి.
పలక మీద మరాఠీలో గిధాడ అని రాసి
ఇంట్లో ఏమంటారురా అంటే
రాబందు అన్నారు పిల్లలు.
మడావి చైతు తాత ఏ మాటా అనలేదు,
రెండు చేతులూ చాపి ఎండలో నిలబడ్డాడు.

ఏరుమద్ది కొమ్మ మీద మూడు.
కాదు, నాలుగంది ఎనిమిదేళ్ల సుగుణ,
మెడ లోపలికి లాక్కున్నదాన్ని కూడా కలిపి.

కింద లసుంబాయి ఎద్దు.
తెల్లారగట్ల పానం పోయింది.
"తిననీ సారూ, వాటి బువ్వే గదా."
ఏ మందు వేయించావని అడిగాను.
కొంగుముడి విప్పింది:
ఖాళీ సూదిమందు సీసా,
నొప్పులకి, నిన్న రాత్రిది.

ఎద్దుకి తగ్గని నొప్పి
పిట్ట కడుపులో సున్నమై గడ్డకడుతుందని
నేను చెప్పేలోపే
చైతు తాత పార అందుకున్నాడు.

పొద్దు వాలేదాకా తవ్వాం.
పైన రేగడి, కింద రాయి.
పిల్లలు కొబ్బరిచిప్పలతో మన్నెత్తారు.
లసుంబాయి కొమ్ములకి పసుపు రాసింది,
ఒక్కసారీ చెట్టు వైపు చూడలేదు.

పూడ్చాక రెక్కల చప్పుడు.
ఒకటి, రెండు, మూడు,
నది దాటి తెలంగాణ వైపు.
"ఆకలితోనే పోతున్నయి గద సారూ."
అవునన్నాను.

సుగుణ నోటుబుక్కులో నాలుగు అని రాసుకుంది.
నాలుగోది ఇంకా
కొమ్మ మీదే ఉంది.