ఒక్క తడి

బంద కంపు
ముందు మా గేదెకే తెలిసింది.
గట్టు మీద నాలుగు కాళ్లూ బిగదన్ని
ముట్టె ముంచకుండా
నా వైపు తిరిగి చూసింది,
ఏదో నేనే చేసినట్టు.

నేనే చేశాను.
భాద్రపదం ఆఖర్న ఎకరం ముప్పావు గోగు కోసి
ఆకు రాల్చి, కట్టలు కట్టి
మొలలోతు నీళ్లలోకి తోసి
బురద పెళ్లలు బరువు పెట్టి తొక్కాం
నేనూ, తవిటినాయుడూ, వాళ్లప్ప సన్నెమ్మా.
"ఊరనీ, పద్దెనిమిది రోజులు" అంది సన్నెమ్మ,
ఆవకాయ జాడీకి వాసెన కట్టినంత నిమ్మళంగా.

మొలలోతు అన్నది నిరుటి లెక్క.
ఈ ఏడు మోకాటికి నాలుగు వేళ్లు పైన.
రావాల్సిన రెండు వానలు
రాజాం దాకా వచ్చి
ఎవరో పిలిచినట్టు వెనక్కి మళ్లాయి.

నిరుడు ఇంతకు రెట్టింపు గోగు ఊరింది.
గెడ్డ పారేది, కడుక్కుని పోయేది.
నీళ్లుంటే తప్పు పలచబడుతుంది.
లేకపోతే
చిక్కబడుతుంది.

పదో రోజుకి టీ డికాక్షన్ రంగు.
పన్నెండుకి కాటుక.
పరిగెలూ జెల్లలూ వెల్లకిలా తేలాయి.
కొర్రమీను ఒక్కటే
పైకొచ్చి గాలి గుటక వేసి లోపలికెళ్లేది.
రెండ్రోజులు లెక్కపెట్టాను దాని గుటకల్ని.
మూడో రోజు లెక్కకి రాలేదు.

గట్టుకి ఇవతల గోగు,
అవతల వరి. పొట్ట మీదుంది.
అదీ నాదే, యాభై సెంట్లు.
పేడ, ఆవు పంచితం, వేపాకు కషాయం
తప్ప ఏదీ ఎరగని మడి.
గుళికల సంచి మా గడప తొక్కి మూడేళ్లు.
మండలం నుంచి వచ్చినాయన ఫొటో తీసి
"మీ మడి ఊరికే పాఠం" అన్నాడు.
ఆయనే గోగు చేను చూసి
"ప్లాస్టిక్ పోవాలంటే గోనె సంచే రావాలి,
భూమికి మంచి చేస్తున్నారు" అన్నాడు.
రెండూ నిజమే.
రెండిటికీ ఒకటే బంద.

పొట్ట మీదున్న వరికి ఒక్క తడి చాలు.
మదుం తలుపు ఎత్తితే వస్తుంది.
నల్లగా, నురగతో,
నా గోగు
నా వరి మీదకి.

సాయంత్రం మదుం కాడ చేరాం,
కింది మడుల వాళ్లం పదకొండు మందిమి.
అసిరయ్య తాత కర్ర ముంచి లోతు కొలిచి
కర్రని వాసన చూసి
అవతల పారేశాడు.
"ఇదేటి, నీరేనా?"
"ఎవులి గోగు?" అన్నారెవరో.
అడిగినవాడి కట్టలే ఎడం పక్కన ఏడున్నాయి.
"ఫేక్టరీ మురికైతే కలెక్టరాపీసు కాడ కూకుందుము.
మన మురిక్కి ఏ ఆపీసుంటాదిరా?"
సన్నెమ్మ మాటకి ఎవరూ నవ్వలేదు.
కాసేపాగి అందరం నవ్వాం,
మొహాలు చూసుకోకుండా.

తెల్లారి నా కట్టలు లాగేశాను.
పదమూడో రోజు. సగమే ఊరింది.
నార పుల్లని వదలదు.
నా గోళ్లు వదిలాయి.
చీపురుపల్లి షావుకారు చేత్తో తిప్పి
"పచ్చిది. రంగు లేదు" అన్నాడు.
తెల్లటి నార కావాలంటే
తేట నీళ్లుండాలట.
ఆ ముక్క నాకు చెప్పాడు.

ఏడుగురు తీశారు. నలుగురు తీయలేదు.
వాళ్లనేం అనను. అప్పు వాళ్లని అడుగుతోంది,
నీళ్లు అడగవు కదా.

అసిరయ్య తాత బీడు మడికి గండి కొట్టించాడు.
నల్లనీళ్లు అందులోకి వదిలి
ఇసకలో, తుంగలో
రెండు రాత్రులు నిలేశాం.
మూడో పొద్దున గాజు గ్లాసుతో ముంచి
ఎండకెత్తి చూశాను.
డికాక్షన్ కాదు. తేటా కాదు.
గేదె వచ్చి ముట్టె తడిపింది.
తాగలేదు.
నా వైపు చూడనూ లేదు.

పారతో మడవ విప్పాను.
నీళ్లు వరి మొదళ్లలోకి వెళ్తుంటే
ఒక రకం చప్పుడు వస్తుంది,
దాహం తీరేవాడి గొంతులో వచ్చేదే.
వరికి ముక్కు లేదు.
అడగడానికీ లేదు.

వచ్చే ఏటికని దాచిన గోగు విత్తనం
ఉట్టి మీద కుండలో ఉంది.
నిన్న దించాను.
మళ్లీ పెట్టాను.