పాత పెదవి

ఇరవై రెండేండ్లు ఊదిన బాకా
మొన్న మాఘంల, కాజీపేట బరాత్‌ల
గుర్రం కాలు కింద పడ్డది.
తమలపాకు మడిసినట్టు నోరు మూసుకున్నది.
ఓదెలు యూఫోనియం ఆపి నా దిక్కు చూసిండు.
పెండ్లికొడుకు చూడలే.

కొత్తది మీరట్ నుంచి పార్శిల్‌ల వచ్చింది.
డబ్బా విప్పితె థర్మాకోల్ గింజలు, పాలిష్ వాసన,
ఇత్తడిల నా మొఖం నాకే కొత్త,
ముక్కు ఇంత పొడుగు.
ఊదితె
ఒక్క స్వరం గూడ ఉండవల్సిన కాడ లేదు.

ఖాజామియా క్లారినెట్ ఒళ్లె పెట్టుకొని అన్నడు:
"బాకా మంచిదే మొగిలీ.
నీ పెదవే అబద్ధమాడుతున్నది."

నిజమే.
పాతదాంట్ల మీది 'గ' ఎప్పుడూ కిందికి జారేది,
నేను పెదవి బిగించి లేపెటోన్ని.
కింది 'రి' ఎగిరేది,
దవడ జార్చి దించెటోన్ని.
కుంటి ఎద్దు పక్కన నడిచి నడిచి
నాకూ కుంటు వచ్చింది.
ఎద్దు పోయింది. కుంటు మిగిలింది.

వాడల పిల్లలకు పరీక్షలు.
అందుకే నాలుగున్నరకు సైకిలెక్కి
మూతబడ్డ మిల్లు గోడ ఎనుకకు పోత.
ఆ గోడ మొహమాట పడదు,
ఎట్ల ఊదితె అట్లనే తిరిగిస్తది.

ఒక్క 'ప' పట్టుకుంట.
మీట ముట్ట. గాలి ఒక్కటే.
పెదవి సడలిస్తె స్వరం దిగుతది,
కలికుండ నీళ్ల లెక్క మసక.
బిగిస్తె ఎక్కుతది,
సన్నగ, దోమ చెవుల దూరినట్టు.
దిగుడు, ఎక్కుడు, మల్ల దిగుడు,
గోటీలాటల గోటి బద్ది చుట్టు తిరిగినట్టు
తిరిగి తిరిగి
ఒక్కకాడ టక్కున పడ్తది.

ఆడ నేను ఊదుతలేను.
ఆడ అదే మోగుతది.
ముందు చేతులకు తెలుస్తది, చెవికి తర్వాత.
పాలు పొంగేటందుకు ముందు గిన్నె లెక్క
ఇత్తడంత సన్నగ వణుకుతది.

మా అక్క కొడుకు ఫోన్‌ల ముల్లు ఎక్కిచ్చిండు.
స్వరం కుదిరితె పచ్చగైతదట.
ముల్లును చూసుకుంట ఊదితె
అది నన్ను చూసి బెదిరినట్టు అటు ఇటు.
ఇప్పుడు కండ్లు మూసుకొని ఊది
ఆగినంక తెరుస్త.
ఫోను సాక్షి మాత్రమే. తీర్పు చెవిది.

కొత్తవాడల జంపఖానాలు నేసే కనకయ్యను అడిగిన,
పడుగు మీద వేలితోని మీటి
సరిపోయిందని ఎట్ల చెప్తవని.
"సరిపోతె ఏం తెల్వదు" అన్నడు.
"తప్పుంటె తెలుస్తది."
చాయ చల్లారిందాక
ఆ మాట మీద ఇద్దరం ఇంకేం మాట్లాడలే.

కింది 'రి' మాత్రం వారం సతాయించింది.
పెదవితోని కాదు, దవడతోని కాదు.
ఆఖరుకు మూడో మీట స్లైడు
ఉంగరంవేలితోని బొటనవేలు మందం ముందుకు తోసిన,
కుదిరింది.
పాతదాంట్ల ఆ స్లైడు చిలుం పట్టి
పదేండ్లు కదల్లే.
అది కదులుతదనే సంగతే నేను మరిచిన.

హన్మకొండల వైశాఖం పెండ్లి.
రాత్రి పదికి గూడ రోడ్డు పెనం లెక్కున్నది.
వేడికి ఇత్తడి మెల్లగ పైకి పాకుతది,
పెద్ద స్లైడు ఇంత బయటికి గుంజిన.
జనరేటర్ బండి రొద, పటాకుల పొగ,
మధ్యల నేను, క్లారినెట్ ఒక్క స్వరం మీద నిలబడ్డం.
రెండు గొంతులు కొట్లాడుడు బంద్ చేసినయి.
ఖాజామియా తల తిప్పలే,
కనుబొమ్మ లేపిండు.
అంతల 'గ' వచ్చింది,
లేపే పని లేకున్న నా పెదవి లేపింది.
కనుబొమ్మ దిగింది.

నలిగిన బాకాను తూకానికి అడిగిండు
పాత సామాన్లోడు. కిలోకు ఇంత అని.
మౌత్‌పీస్ ఊడదీసుకున్న గని దాన్ని ఇయ్యలే.
తలుపు పక్కన మొలకు ఏలాడుతున్నది.

నిన్న ఇంట్లనే, మెల్లగ, 'గ' పట్టుకున్న.
లేపలే. దించలే.
గోడ మీద అది గూడ మోగిందంటది సరోజన,
"నీ కంటె జర్ర కిందికి."
నాకైతె వినబడలే.
మల్లొక్కసారి ఊదిన.