గాలి ఆది ఇవ్వలేదు

జాకెట్టు కుట్టమని వచ్చే ప్రతి ఆవిడా
పాతదొకటి ఆదికి తెస్తుంది.
భుజం ఇంత, చంక ఇంత, వెనక మెడ కాస్త లోతు.
ముప్పై ఒక్క ఏళ్లుగా తండయార్‌పేటలో
ఆది లేకుండా నేను కత్తెర పట్టింది లేదు.

ఈ గుడ్డ కాశిమేడులో, పాత సామాన్ల కొట్లో దొరికింది.
కిలో లెక్కన తూచాడు మొహిదీన్.
రేసు పడవకి ముందు కట్టే తెరచాప,
నారింజా తెలుపూ,
ఉల్లిపొర కన్నా పిసరంత మందం,
నలిపితే అప్పడాల చప్పుడు.
మూడు బకెట్ల నీళ్లు మార్చినా
నాలుక కొసకి ఉప్పు తగులుతూనే ఉంది.
గుడ్డని నాకుతున్నావా, అంది ఇంటావిడ.
అవును, అన్నాను.

మనిషిని లాగే గాలిపటం కుడుతున్నానంటే
ఎదురుకొట్టు ఇస్త్రీ దేశింగు నవ్వాడు.
పోలీసులు పట్టుకుంటారు మాస్టర్.
మాంజా కాదయ్యా, తాడు.
పిల్లల పటాన్ని మనం లాగుతాం,
ఇది మనల్ని లాగుతుంది.
యాభై నాలుగేళ్లలో నన్నెవరూ ఎటూ లాగలేదు.
ఎంత తొక్కినా ఈ మిషన్
కొట్టుని అంగుళం ముందుకు కదపలేదు.

ఆడి నెల, పెళ్లిళ్లు లేవు.
నేల మీద పరిచి సుద్దతో గీశాను.
గుండుసూదులు పనికిరావు, ప్రతి చిల్లూ రేపటి చిరుగు.
రెండు పక్కలా జిగురున్న టేపు అంటించి,
సోల్డరింగ్ ముక్కుతో అంచులు కాలుస్తూ కోశాను.
వంజరం ముక్కల్లా పదిహేడు పక్కటెముకలు,
నడుమది పెద్దది, కొసలకి పోనుపోను చిన్నవి.
ముందు నోళ్లు తెరిచి వెనక మూసిన
పదహారు సంచులు.
ఒక్కటి పావంగుళం తప్పినా
మొత్తం ఓ పక్కకి మూతి తిప్పుకుంటుంది.
అది జాకెట్టుకీ ఉన్న గుణమే.

గుడ్డ నడిమధ్య ఒక మాసిక,
అరచేయంత. ఎవరో ఎప్పుడో వేసింది.
చెప్పొద్దూ, ఈర్ష్య పుట్టింది.
మూడడుగులు, మలుపు. మూడడుగులు, మలుపు.
మూలల్లో కూడా తొందరపడని చెయ్యి.
ఏ రేవులో కూర్చుని కుట్టాడో, కుట్టిందో.
కోసి పారేసి కొత్త ముక్క వేద్దామనుకున్నాను.
కత్తెర అక్కడి దాకా వెళ్లి తిరిగొచ్చింది.

కోవళం. రెండు బస్సులు మారాం.
దేశింగు తోడొచ్చాడు, నవ్వడానికే.
సాయంత్రం నాలుగింటికి సముద్రం మీంచి గాలి తిరిగింది.
వాడు పటాన్ని ఎత్తి పట్టుకుని, వదిలాడు.
పదహారు నోళ్లూ ఒక్కసారే ఊపిరి పీల్చాయి.
పెళ్లికూతురు కొత్త జాకెట్టు తొడుక్కుని
అద్దం ముందు మాట రాక ఆగే క్షణం
నాకు తెలుసు.
ఆ తర్వాతది తెలీదు.
మోకాళ్లు, ఇసుక, ఒక చెప్పు, ఆకాశం,
మళ్లీ ఇసుక.
ముప్పై అడుగులు. దేశింగు నలభై అంటాడు.
అరిచానట కూడా. ఏమని అరిచానో
వాడు ఇంతవరకూ చెప్పడు.

అప్పుడు, పైన, పటపటమని.
వంద గజాల అవతలైనా
టైలరుకి వినిపిస్తుంది తన కుట్టు పోయే చప్పుడు.

రాత్రి కొట్లో బల్బు కింద విప్పి చూశాను.
ఎడమ కొసన మూడు సంచులు.
దారం తెగలేదు. నా తిన్నటి కుట్టే
గుడ్డని తపాలా బిళ్ల అంచులా చింపేసింది.
మాసిక ఉన్నచోటే ఉంది.
ఒక్క పోగు కదల్లేదు.

ఆ అరచేతి ముక్కని ఎదురుగా పెట్టుకున్నాను, ఆదికి.
నా మిషన్‌కి మలుపులు రావు.
సూది దిగినప్పుడల్లా గుడ్డనే చేత్తో జరుపుతూ
మూడడుగులు, మలుపు.
మూడడుగులు,
తప్పింది. విప్పి మళ్లీ.

ఆవణి ముహూర్తాలు మొదలయ్యాయి.
హుక్కులు కుట్టని జాకెట్లు పద్నాలుగు
కొక్కేనికి వేలాడుతున్నాయి.
బుధవారం ఇస్తానన్నాను.
ఏ బుధవారమో చెప్పలేదు.