ఎవరి కుడి?

రుస్తావిలో మార్చి. షెడ్డు రేకుల మీద మంచు కరిగి
నా మెడ మీదే పడుతోంది, గురి చూసినట్టు.
పోతి రేవు నుంచి ట్రెయిలరెక్కి వచ్చింది
మొహం లేని కారు.

నుగ్జార్ మాస్టారికి చూపు సగం పోయింది.
టీ గ్లాసు మోకాలి మీద నిలబెట్టుకుని
స్టూలు మీంచే చెబుతాడు:
"మ్జెవినార్, కుడి లైటు విప్పు."
స్క్రూడ్రైవర్ చప్పుడు విని నవ్వుతాడు.
"నీ కుడి కాదే పిల్లా.
ఎదురుగా నిలబడ్డవాళ్ళ లెక్క ఇక్కడ చెల్లదు.
సీట్లో కూర్చున్నవాడి కుడే కుడి."

అటు మారాను.
ఫ్యూజు పెట్టె దొరికింది, మూత లేదు,
ఏది దేనిదో చెప్పే పటం మూతతోనే పోయింది.
నీళ్ళ మోటారు చక్రం వెనక.
బయటి చలిని కొలిచే సెన్సారు
గోధుమగింజంత, వైరుకి వేలాడుతూ.
పగిలిన లైటు గూట్లో పైన్ ఆకులు గుప్పెడు,
ఏ అడవివో.

"ఎర్త్ వైరు చూశావా?
వెలగలేదని బల్బుని తిట్టేవాళ్ళే అందరూ."
బ్యాటరీ కింద తడిమాను. కిలుం పట్టిన బోల్టు.
గీకాను, ఇత్తడి రంగు వచ్చేదాకా.
బిగించి, బ్యాటరీ కలిపానో లేదో

హారన్.

ఎవరూ ముట్టుకోలేదు.
బద్రీ కుక్క లారీ కిందికి దూరింది.
పక్క షెడ్డులో సుత్తి ఆగింది.
మాస్టారి గ్లాసు ఒలికింది, తుడుచుకోలేదు.
"మీట ఇరుక్కుంది లోపల," అన్నాడు.
"ఎవరో గట్టిగా నొక్కి ఉంటారు."

సముద్రం అవతల ఏదో మలుపులో మొదలైన కేక,
వైరు తెగి సగంలో ఆగి,
కంటైనరు చీకట్లో ఇన్ని నెలలు నోరు మూసుకుని
నా చేతుల్లో పూర్తయింది.
ఫ్యూజు పీకడానికి
నాకు కావలసినదానికంటే ఎక్కువసేపు పట్టింది.

సాయంత్రం, వేరే కారువి రెండు లైట్లు తగిలించాక
గాజుపెంకులు దులిపి సీట్లో కూర్చున్నాను.
చిరిగిన గాలిసంచిని పక్కకి నెట్టి
స్విచ్ తిప్పాను.
ఎదుటి గోడ మీద రెండు వెలుగులు,
సున్నం పెచ్చులు ఒక్కొక్కటీ కనిపించేంత.

"ఎలా ఉన్నాయి?"
"కుడిది కాస్త కిందికి చూస్తోంది."
"ఎవరి కుడి?"

స్టీరింగు మీద చేతులున్నాయి.
మధ్యలో మీట ఇంకా లోపలికే నొక్కుకుని ఉంది.

"నాదే," అన్నాను.